వ్యర్థజలాన్ని తిరిగి వాడుకునే ఆర్‌ఓ ప్లాంటు: మూడున్నరేళ్ల వాడకం మీద ఒక సమీక్ష

బట్టల అద్దకం, ఫినిషింగ్ చేసే ఒక కర్మాగారంలో నీటి విభాగం బాధ్యతలు నేను చూస్తున్నాను. మా ఈటీపీ (వ్యర్థజల శుద్ధి కేంద్రం) నుంచి బయటికి వెళ్లే నీటిని మళ్లీ అద్దకానికే పనికివచ్చేలా చేయడానికి మూడున్నరేళ్ల క్రితం రోజుకు 500 క్యూబిక్ మీటర్ల సామర్థ్యం గల రివర్స్ ఆస్మోసిస్ (ఆర్‌ఓ) ప్లాంటును పెట్టించుకున్నాము. అది మొదలైన రోజు నుంచి ఈనాటి దాకా ప్రతి షిఫ్టు లాగ్‌బుక్కూ నా చేతి మీదుగా వెళ్లినదే కనుక, ఇలాంటి ప్లాంటు కొనాలని ఆలోచిస్తున్న వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సరఫరాదారు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచిచెడ్డల్లో చాలావరకు ఆ ఒక్క సంస్థకే చెందినవి కావు. ఈ తరహా ప్లాంటును ఎవరు అమ్మినా, ఎవరు కొన్నా ఎదురయ్యేవే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నీటిని వదిలి ఉప్పును ఆపే పొర, అంటే మెంబ్రేన్, తన పని నమ్మకంగా చేసింది. మేము పడిన ఇబ్బందులన్నీ దానికి ముందున్న చోట, దాని తరువాత ఉన్న చోట పుట్టాయి. అంటే నీటిని దాని దగ్గరికి పంపిన తీరులో కొన్ని, అది వదిలిన రిజెక్టు (ఉప్పు గాఢమై మిగిలిన నీరు) విషయంలో వేసుకున్న లెక్కలో మరికొన్ని.

ప్లాంటు అమరిక ఇలా ఉంటుంది. జీవశుద్ధి, తేర్చడం పూర్తయిన నీరు ఇసుక ఫిల్టరు గుండా అల్ట్రాఫిల్ట్రేషన్‌కు (అతి సన్నటి రంధ్రాల వడపోతకు) వస్తుంది. అక్కడి నుంచి 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ ఫిల్టరు దాటి, గార కట్టకుండా ఆపే మందు యాంటీస్కేలెంట్ కలుపుకొని హైప్రెషర్ పంపు చేరుతుంది. ఆ తరువాత మొదటి దశలో మూడు, రెండో దశలో రెండు వెసల్స్ (మెంబ్రేన్లు అమర్చే గొట్టాలు) ఉన్నాయి. ఒక్కో దానిలో 8 అంగుళాల మెంబ్రేన్లు ఆరేసి చొప్పున మొత్తం 30. ఈ రెండు దశల్లో 75 శాతం నీరు పర్మియేట్‌గా, అంటే మెంబ్రేన్ దాటిన శుభ్రమైన నీరుగా, వస్తుంది. మిగిలిన 25 శాతాన్ని వేరే పంపుతో మరో 12 మెంబ్రేన్లున్న మూడో దశకు పంపి, అందులోంచి ఇంకొంత నీటిని రాబట్టి, చివరి రిజెక్టును నీటిని ఆవిరి చేసే ఎవాపరేటర్‌కు ఇస్తాము. మొత్తం మీద 90 శాతం రికవరీ (వచ్చిన నీటిలో పర్మియేట్‌గా తిరిగివచ్చే వాటా) ఇస్తామని ఒప్పందంలో రాసి ఇచ్చారు. ఆ అంకె గురించి తరువాత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ సమీక్షలో అసలు విషయం అదే.

ముందు మంచి సంగతి. మా ఫీడ్ నీటి (ప్లాంటులోకి వెళ్లే నీటి) టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 3,000 మిల్లీగ్రాములకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. మొదటి రెండు దశల పర్మియేట్ 90 నుంచి 120 మధ్య వస్తోంది, కాఠిన్యం దాదాపు లేనట్టే. మొదట్లో మా డైయింగ్ మాస్టర్ ఈ నీటిని దగ్గరికి కూడా రానివ్వలేదు. మురుగునీటి నుంచి వచ్చిన నీటితో షేడ్ చెడిపోతే ఎవరు జవాబు చెబుతారన్నది ఆయన ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్నే. అందుకని ఒకే రంగు, ఒకే గుడ్డ తీసుకుని, సాఫ్ట్‌నర్‌లో కాఠిన్యం తీసిన బోరు నీటితో ఒక ల్యాబ్ డిప్ (చిన్న నమూనా అద్దకం), పర్మియేట్‌తో మరొకటి చేయించి, రెండు ముక్కలనూ లైట్ బాక్సులో పక్కపక్కన పెట్టి చూశాము. తేడా కనబడలేదు. అదే పరీక్షను వరుసగా రెండు వారాలు చేసినప్పుడు అసలు విషయం బయటపడింది: బోరు నీటి గుణం రోజురోజుకూ మారేది, పర్మియేట్ గుణం మారలేదు, దానితో చేసిన ముక్కలు ఒకదానికొకటి మరింత దగ్గరగా ఉన్నాయి. ఇప్పుడు లేత రంగుల లాట్లకు పర్మియేటే కావాలని ఆయనే అడుగుతున్నారు. ఈ ఒక్క విషయంలో ప్లాంటుకు పూర్తి మార్కులు వేస్తాను.

అయితే ఈ మంచి నీటితోనే మొదటి దెబ్బ తిన్నాము. మెంబ్రేన్ లవణాలను ఆపుతుంది కానీ కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడును ఆపలేదు. అందువల్ల పర్మియేట్‌లో బైకార్బొనేటు తగ్గిపోయి, వాయువు మాత్రం అలాగే మిగిలి, మా దగ్గర దాని పీహెచ్ 5.8 దాకా దిగింది. అలాంటి నీటిని పాత ఇనుప గొట్టంలో పంపడంతో నెల తిరగకముందే తెల్లటి గుడ్డ మీద తుప్పు చుక్కలు పడ్డాయి. గొట్టాన్ని ప్లాస్టిక్‌కు మార్చి, పర్మియేట్ ట్యాంకులో కొద్దిగా కాస్టిక్ డోసింగ్ పెట్టాక ఆ సమస్య పోయింది. ఇది ముందుగా తెలియవలసిన సంగతి. సరఫరాదారు ఇచ్చిన డ్రాయింగులో పర్మియేట్ ట్యాంకు దగ్గరే గీత ఆగిపోయింది, ఆ తరువాత నీరు ఏ గొట్టంలోకి వెళుతుందని ఎవరూ అడగలేదు.

మెంబ్రేన్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తరువాతి విషయాలు అర్థం కావు. ఉప్పునీటిని ఒత్తిడితో పొర గుండా నెట్టి మంచి నీటిని రాబట్టే పద్ధతి పనికివచ్చే స్థాయికి చేరింది 1950ల చివర, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సూరిరాజన్ సెల్యులోజ్ అసిటేట్ పొరను తయారుచేసినప్పుడు. ఇప్పుడు వాడే పాలిఅమైడ్ పొరకు 1970లలో జాన్ కాడొట్ దారి వేశారు. పని చేసే పాలిఅమైడ్ పొర మందం మైక్రాన్‌లో ఐదో వంతు లోపే ఉంటుంది. దాని కింద ఉన్నదంతా ఆధారం కోసమే. సెల్యులోజ్ అసిటేట్ కొంత క్లోరిన్‌ను తట్టుకునేది, పాలిఅమైడ్ తట్టుకోలేదు. అంత పలుచటి పొరను క్లోరిన్ తినేస్తే దాన్ని తిరిగి బాగుచేసే మందు లేదు.

ఈ విషయంలో మా సరఫరాదారు చేసిన ఏర్పాటును మెచ్చుకోవాలి. అల్ట్రాఫిల్ట్రేషన్‌ను హైపోక్లోరైటుతో కడుగుతాము కనుక కొంత క్లోరిన్ ముందుకు వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని చంపడానికి సోడియం బైసల్ఫైట్ డోసింగ్ పెట్టి, అంతటితో ఆగకుండా, కార్ట్రిడ్జ్ ఫిల్టరు తరువాత ఓఆర్‌పీ మీటరు (నీటిలో క్లోరిన్ వంటివి మిగిలి ఉంటే పసిగట్టేది) అమర్చి, అంకె హద్దు దాటగానే హైప్రెషర్ పంపు దానంతట అదే ఆగిపోయేలా చేశారు. రెండో ఏడాది ఒక రాత్రి బైసల్ఫైట్ డోసింగ్ పంపులో గాలి చేరి మందు వెళ్లడం ఆగిపోయింది. పంపు తిరుగుతూనే ఉంది, చప్పుడు కూడా మామూలుగానే ఉంది, ఆపరేటర్ గమనించే అవకాశమే లేదు. ప్లాంటు ఆగిపోయాకే తెలిసింది. ఆ మీటరు లేకపోయి ఉంటే తెల్లవారేసరికి 42 మెంబ్రేన్లనూ పారేయవలసి వచ్చేది. డబ్బు మిగిలించాలని ఈ మీటరును తీసేయమనే కొనుగోలుదారులు ఉన్నారని విన్నాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇక మెంబ్రేన్‌కు ముందు జరిగే శుద్ధి, అంటే ప్రీట్రీట్‌మెంట్. అల్ట్రాఫిల్ట్రేషన్ పనితనాన్ని ఎస్‌డీఐ (నీటిలోని నలుసులు ఫిల్టరును ఎంత త్వరగా మూసేస్తాయో చెప్పే సూచిక) పరీక్షతో చూస్తారు. 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా 2.1 బార్ల ఒత్తిడితో నీటిని పంపి, మొదట్లో అర లీటరు నిండడానికి పట్టిన కాలాన్నీ, 15 నిమిషాల తరువాత మళ్లీ అర లీటరు నిండడానికి పట్టిన కాలాన్నీ పోల్చి కట్టే లెక్క అది. 5 దాటకూడదు, 3 లోపు ఉంటే మంచిది. మాకు ఎప్పుడూ 3 లోపే వచ్చింది. అయినా మొదటి దశ మూసుకుపోయింది. ఎస్‌డీఐ చెప్పేది ఫిల్టరు కాగితం మీద నిలిచే నలుసుల సంగతి మాత్రమే. కరిగి ఉన్న సేంద్రియ పదార్థం గురించి, నూనెలాగా పాకే వాటి గురించి అది ఏమీ చెప్పదు. అద్దకం వ్యర్థజలంలో అసలు శత్రువులు అవే.

అందులో సిలికోన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక వారం మా ఈటీపీలో గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నురగ గట్టు దాటి కాలిబాట మీదికి పొర్లితే, షిఫ్టు వారు స్టోర్సులో ఉన్న సిలికోన్ యాంటీఫోమ్ డబ్బా తెచ్చి పోశారు. నురగ నిమిషాల్లో అణిగిపోయింది. నాలుగో రోజుకు ఆర్‌ఓ పర్మియేట్ ఐదో వంతు పడిపోయింది. మొదటి వెసల్ మూత విప్పి ముందున్న మెంబ్రేన్‌ను బయటికి లాగినప్పుడు దాని ముఖం శుభ్రంగానే కనబడింది: పాచి లేదు, వాసన లేదు. వేలితో రాస్తే మాత్రం జారుడుగా ఉంది, నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లిపోయాయి. అప్పుడు విషయం అర్థమైంది. పీహెచ్ 12 దగ్గర డిటర్జెంటుతో రెండుసార్లు కడిగినా పోయిన దానిలో సగమే తిరిగివచ్చింది. ఆ తరువాత నురగను నీటి స్ప్రేతో అణచడం మొదలుపెట్టాము. ఫినిషింగ్ విభాగంలో గుడ్డను మెత్తబరిచే సిలికోన్ సాఫ్ట్‌నర్ మిగిలిపోయిన తొట్టి నీటికి వేరే కాలువ వేశాము. ప్లాంటు తరఫున దీన్ని లోపంగా రాయను, కానీ సరఫరాదారు ఇచ్చిన 200 పేజీల మాన్యువల్‌లో ఎక్కడా సిలికోన్ అన్న మాట లేదన్నది మాత్రం నిజం. అద్దకం కర్మాగారానికి ప్లాంటు అమ్మేవారు రాయవలసిన మొదటి హెచ్చరిక అది.

ఇప్పుడు 90 శాతం సంగతి. రికవరీ పెరిగే కొద్దీ రిజెక్టు గాఢత ఎలా పెరుగుతుందో కొనేవారు తమ చేత్తో కాగితం మీద వేసి చూసుకోవాలి. సగం నీరు తీసుకుంటే మిగిలిన దాని గాఢత రెండింతలు, 75 శాతం తీసుకుంటే నాలుగింతలు, 80 శాతం తీసుకుంటే ఐదింతలు, 90 శాతం తీసుకుంటే పదింతలు. అంటే 80 నుంచి 90కి వెళ్లడం పది శాతం పెరుగుదలలా వినిపిస్తుంది కానీ గాఢత రెట్టింపవుతుంది. టీడీఎస్ 3,000 ఉన్న నీరు చివరికి 30,000 అవుతుంది. ఆ ఉప్పును దాటి నీటిని నెట్టాలంటే ఒత్తిడి కూడా అంతకంతకూ పెంచాలి, ఎందుకంటే ప్రతి 1,000 మిల్లీగ్రాముల ఉప్పుకూ సుమారుగా ముప్పావు బార్ ఆస్మాటిక్ ఒత్తిడి అడ్డు నిలుస్తుంది. ఒత్తిడి పెంచడానికి పంపు ఉంది. కానీ ఉప్పుతో పాటు గాఢమయ్యే సిలికాకు (ఇసుకలో, గాజులో ఉండే పదార్థానికి) పంపు ఏం చేయగలదు?

ప్లాంటు మొదలైన ఐదో నెలలో మూడో దశ పర్మియేట్ తగ్గుతూ వచ్చింది. "సార్, ప్రెషర్ పెంచినకొద్దీ నీళ్లు తగ్గుతున్నాయి" అని ఆపరేటర్ రెండు రోజులు వరుసగా చెప్పాడు. ఆమ్లంతో కడిగాము, ఏమీ కదల్లేదు. క్షారంతో కడిగాము, కొద్దిగా కదిలి మూడు రోజులకు మళ్లీ మొదటికి వచ్చింది. చివరికి ఆ వెసల్ తోకవైపు మూత విప్పి ఆఖరి మెంబ్రేన్ లాగబోతే ఇద్దరం పట్టినా రాలేదు. బయటికి తీసి, నీరు కారనిచ్చి తూకం వేశాము. కొత్తది సుమారు 15 కిలోలు తూగుతుంది, ఇది 22 కిలోలకు పైగా తూగింది. కోసి పరిచి చూస్తే పొర మీద గాజు పొడి అంటించినట్టు గరుకుగా ఉంది. ఆమ్లం చుక్క వేస్తే పొంగలేదు. కాల్షియం కార్బొనేటు గార అయితే బుసబుస పొంగి కరిగిపోయేది. ఇది సిలికా.

అప్పుడు వెనక్కి వెళ్లి, ప్లాంటు డిజైన్‌కు ఆధారంగా ఇచ్చిన నీటి పరీక్ష నివేదికను తీసి చూశాను. అందులో సిలికా అన్న గడి ఖాళీగా ఉంది. మేము నింపలేదు, వారు అడగలేదు. కొత్తగా పరీక్ష చేయిస్తే ఫీడ్‌లో 26 మిల్లీగ్రాములు ఉందని తేలింది. 25 డిగ్రీల దగ్గర నీటిలో సిలికా ఇబ్బంది లేకుండా కరిగి ఉండే హద్దు 120 నుంచి 150 మధ్య ఉంటుంది. 75 శాతం రికవరీకి అది 104 అవుతుంది, కనుక మొదటి రెండు దశలకు ఏమీ కాలేదు. 90 శాతానికి 260. ఏ యాంటీస్కేలెంట్ డబ్బా మీద ఏం రాసి ఉన్నా, ఆ అంకెతో మెంబ్రేన్లు బతకవు. ఖాళీ గడిని చూసి కూడా 90 శాతానికి సంతకం చేయడం ఈ ప్లాంటు సరఫరాలో నేను చూసిన అతి పెద్ద తప్పు. గొప్ప రసాయన పరిజ్ఞానం అక్కరలేదు. ఒక గుణకారం చేసి ఉంటే చాలు.

ఆ తప్పు ఖరీదు మెంబ్రేన్లతో ఆగలేదు. 90 శాతం వస్తుందన్న నమ్మకంతో రోజుకు 50 క్యూబిక్ మీటర్ల రిజెక్టు వస్తుందని లెక్కవేసి, దానికి కాస్త పైగా 60 తీసుకునే ఎవాపరేటర్ కొన్నాము. మెంబ్రేన్లను కాపాడుకోవడానికి రికవరీని 80కి దించగానే రిజెక్టు 100 అయింది. మామూలు పనిగంటల్లో 60 మించి ఎవాపరేటర్ తీసుకోదు కనుక మొత్తం ప్లాంటునే రోజుకు 300 క్యూబిక్ మీటర్ల దగ్గర ఆపుకోవలసి వచ్చింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆర్‌ఓ దేన్నీ నాశనం చేయదు. వచ్చిన ఉప్పు, రంగు, సీఓడీ (సేంద్రియ కాలుష్యం) అన్నీ ఎక్కడికీ పోవు. వాటిని తక్కువ నీటిలోకి నెట్టి రెండో గొట్టంలో మన చేతికే తిరిగి ఇస్తుంది. ఆ రెండో గొట్టం చివర ఏముందో చూసుకోకుండా మొదటి గొట్టంలోని శుభ్రమైన నీటిని చూసి మురిసిపోతే ఇలాగే అవుతుంది.

పరిష్కారం ప్లాంటులో దొరకలేదు, బ్లీచింగ్ విభాగంలో దొరికింది. పెరాక్సైడ్ బ్లీచింగ్‌లో స్టెబిలైజర్‌గా మేము సోడియం సిలికేటు వాడేవాళ్లం. ఏళ్ల తరబడి ఆ సిలికా ఈటీపీ గుండా హాయిగా దాటి వెళ్లిపోయింది కనుక ఎవరికీ పట్టలేదు. ఆర్‌ఓ వచ్చాక అది మెంబ్రేన్ మీద కూర్చుంది. సేంద్రియ స్టెబిలైజర్‌కు మారడానికి బ్లీచింగ్ వారిని ఒప్పించడానికి రెండు నెలలు, తెలుపు కుదిరేలా మోతాదులు సరిచేసుకోవడానికి మరో నెల పట్టింది. బాయిలర్ బ్లోడౌన్ నీటిని (బాయిలర్లో గాఢమయ్యాక వదిలేసే నీటిని) కూడా ఈటీపీలోకి రాకుండా మళ్లించాము. ఫీడ్ సిలికా 15కి దిగింది. ఇప్పుడు 87 శాతం రికవరీతో నడుపుతున్నాము. రిజెక్టులో సిలికా 115 దగ్గర నిలకడగా ఉంది, మూడో దశకు గత పధ్నాలుగు నెలల్లో రెండే కడుగుళ్లు పడ్డాయి. రోజుకు 65 క్యూబిక్ మీటర్ల రిజెక్టు వస్తోంది, ఎవాపరేటర్‌ను కొన్ని గంటలు అదనంగా నడిపి సరిపెడుతున్నాము. ప్లాంటును 90కి నెట్టమని యాజమాన్యం అప్పుడప్పుడూ అడుగుతుంది. ఆ అంకెతో రిజెక్టు సిలికా 150కి చేరుతుందని చూపించి ఒప్పుకోవడం లేదు.

ప్లాంటుతో ఇచ్చిన ఆటోమేషన్ తెర గురించి కూడా ఒక ఫిర్యాదు ఉంది. అది ఫ్లో, ప్రెషర్, కండక్టివిటీ (ఉప్పు ఎంత ఉందో తెలిపే విద్యుత్ వాహకత) అంకెలను ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. అవి అలా చూస్తే మోసపోతాము. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే పర్మియేట్ సుమారు 3 శాతం పెరుగుతుంది. అద్దకం నీరు పగలు 36 డిగ్రీలు, తెల్లవారుజామున 30 డిగ్రీలు ఉంటే, మెంబ్రేన్ నిజంగా మూసుకుపోతున్నా పగటి అంకె అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. ఉష్ణోగ్రతకు, ఒత్తిడికి, ఉప్పుకు సరిచేసిన ఫ్లోను లెక్కగట్టి చూపే పట్టికను మేమే కంప్యూటర్లో తయారుచేసుకున్నాము. సరిచేసిన ఫ్లో 10 శాతం తగ్గినా, దశకు దశకు మధ్య ఒత్తిడి తేడా 15 శాతం పెరిగినా కడుగుతాము. తేడా మొదటి దశలో పెరిగితే పాచి లేదా జిగురు, చివరి దశలో పెరిగితే గార అనుకుని మందు ఎంచుకుంటాము. ఈ లెక్క తెరలోనే ఉండవలసింది. కడుగు ట్యాంకుకు హీటరు ఇవ్వకపోవడం కూడా పొరపాటే. చల్లటి క్షారంతో సేంద్రియ జిగురు సరిగ్గా వదలదు, 35 డిగ్రీల దగ్గర చక్కగా వదులుతుంది. ఆ హీటరు మేమే వేయించుకున్నాము.

సర్వీసు మొదటి ఏడాది బాగుంది. ఒకసారి పర్మియేట్ కండక్టివిటీ ఉన్నట్టుండి పెరిగితే వచ్చిన టెక్నీషియన్ ఒక్కొక్క వెసల్ నుంచి విడిగా నీరు పట్టి చూసి, చెడిన వెసల్‌ను పట్టుకుని, దాని పర్మియేట్ గొట్టంలోకి సన్నటి నైలాన్ ట్యూబును అడుగడుగుకూ జరుపుతూ కండక్టివిటీ చూశాడు. మూడో మెంబ్రేన్, నాలుగో మెంబ్రేన్ కలిసే చోట అంకె ఎగిరింది. విప్పితే అక్కడ ఓ-రింగు మెలిపడి ఉంది. పది మెంబ్రేన్లు మార్చాలని చెప్పి బిల్లు వేయగల సందర్భంలో ఒక్క రబ్బరు రింగుతో సరిచేసి వెళ్లిన ఆ అబ్బాయి పనితనం నాకు ఇంకా గుర్తుంది. రెండో ఏడాది నుంచి ఫోనుకు జవాబు రావడమే కష్టమైంది.

ఇంకో మాట. పర్మియేట్ ఎంత తేటగా ఉన్నా అందులో ఏమీ లేదనుకోకూడదు. యూరియా వంటి చిన్న అణువులను ఈ పొర సరిగ్గా ఆపదు, అందుకే ప్రింటింగ్ విభాగం యూరియా ఎక్కువ వాడిన రోజుల్లో పర్మియేట్ ట్యాంకు గోడలకు త్వరగా పాచి పడుతుంది. ట్యాంకును నెలకోసారి కడగాలి, ఆ నీటిని తాగడానికి వాడే ఆలోచన చేయకూడదు.

రెండో ఆర్‌ఓ లైను పెట్టాలని యాజమాన్యం నిర్ణయించింది. ఈసారి కొటేషన్ అడిగే ముందు సిలికా, బేరియం, స్ట్రాన్షియంతో సహా ఏ గడీ ఖాళీ లేకుండా పన్నెండు రోజుల నీటి పరీక్షలు చేయించాను. రికవరీ అంకెను మేమూ చెప్పలేదు, వారినీ ముందుగా చెప్పవద్దన్నాము. బరిలో ఉన్న ఇద్దరు సరఫరాదారులూ తలా ఒక చిన్న ప్లాంటు తెచ్చి, మా ఈటీపీ నీటి మీద మూడు నెలలు నడిపి, ఆ పట్టికను జతచేసి ధర ఇవ్వాలన్నది షరతు. తెల్లగుడ్డ లాట్లు ఎక్కువ నడిచే వారాలు కూడా ఆ మూడు నెలల్లో ఉండేలా చూసుకున్నాము. ఇవాళ్టికి నలభయ్యో రోజు. ఒకరి ప్లాంటు 85 శాతం మీద నిలకడగా ఉంది; రెండోవారు 92తో మొదలుపెట్టి ఇప్పటికే రెండుసార్లు కడిగారు.